శాస్త్రీయ పోస్టరు తయారీ, ప్రదర్శన: రాగిచెంబు నీటి ఉదాహరణతో ఒక పాఠం

కషాయాలు, చూర్ణాలు, పథ్యాలు చదవడానికి అలవాటుపడిన ఈ పుటలలో పోస్టరు తయారీని గురించిన పాఠమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. దానికి కారణం ఉంది. మన ఇళ్లలో చదువుకునే పిల్లలు పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలకు, 1993 నుంచి నడుస్తున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెసుకు ఏదో ఒక అంశం తయారు చేసుకొని వెళుతున్నారు. ఆయుర్వేద, ఫార్మసీ, నర్సింగ్ విద్యార్థులకు సదస్సులలో పోస్టరు సమర్పించడం చదువులో భాగమైపోయింది. వారిలో చాలామంది ఎంచుకునే విషయాలు మన వంటింటివే: పసుపు, శొంఠి, మెంతులు, రాగిచెంబు. ఆ పోస్టరు ముందు నిలబడి చదివేది కూడా మనమే. కనుక దానిని సరిగా తయారు చేయడం పిల్లలకు ఎంత అవసరమో, సరిగా చదవడం పెద్దలకు అంత అవసరం.

ఒక ఆయుర్వేద కళాశాలలో చాలాకాలం పాఠాలు చెప్పిన వాడిని. విద్యార్థుల పోస్టర్లు ఎన్నో దిద్దాను. వాటిలో సరిగా దిద్దకుండా వదిలిన ఒక్కటే నాకు ఎక్కువ నేర్పింది. మొదట ఆ సంగతి చెబుతాను.

నాకు బుద్ధి వచ్చిన రోజు

కొన్నేళ్ల క్రితం మా కళాశాలలో ప్రజలకోసం ఒక ప్రదర్శన ఏర్పాటు చేశాము. నా విద్యార్థులు రాగిపాత్రలో నిలువ ఉంచిన నీటిని గురించి నాలుగడుగుల పోస్టరు తయారు చేశారు. పైన ఎర్రని అక్షరాలతో "సర్వరోగ నివారిణి రాగిపాత్ర" అని శీర్షిక. దాని కింద తొమ్మిది బొమ్మలు, పుస్తకంలో నుంచి దించినట్లు వెయ్యికి పైగా మాటలు. చూడటానికి నిండుగా ఉంది. నేను పైపైన చూసి, బాగుందని సంతకం చేశాను.

మధ్యాహ్నం విద్యార్థులు భోజనానికి వెళ్లినప్పుడు నేను అటుగా వచ్చాను. చంకలో బిడ్డతో ఒక ఇల్లాలు పోస్టరు ముందు నిలబడి ఉంది. పక్కన ఆమె అత్తగారు.

"అత్తయ్యా, చూశారా? డాక్టర్లే రాశారు. ఇక నీళ్ల క్యాన్లు కొనక్కరలేదు. మన బోరు నీళ్లే రాగిబిందెలో పోసి పిల్లవాడికి పడదాం" అంటున్నది.

నేను దగ్గరకు వెళ్లి "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాను. నల్లగొండ దగ్గర పల్లె అన్నది.

"మీ బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్నదేమో పరీక్ష చేయించారా?"

"ఎక్కువే ఉందన్నారండీ. రాగి తీసేస్తుంది గదా?"

"లేదమ్మా, ఫ్లోరైడును రాగిపాత్ర తీసివేయదు."

ఆమె ఒకసారి పోస్టరు వైపు, ఒకసారి నా వైపు చూసి, "మరి ఆ ముక్క ఇందులో రాయలేదేమండీ?" అన్నది.

ఎక్కడైనా రాశామేమోనని వెతికాను. రాయలేదు. ఆమెకు నచ్చజెప్పి, తాగే నీటి విషయంలో ఎప్పటి జాగ్రత్తలే పాటించమని చెప్పి పంపాను. ఆమె మాట నా చెవిన పడింది కనుక సరిపోయింది. ఉదయం నుంచి ఆ శీర్షిక చదువుకొని వెళ్లిపోయిన వారు ఎందరో! ఆ సాయంత్రమే పోస్టరు దింపించి, మరుసటి సంవత్సరం మళ్లీ మొదటి నుంచి తయారు చేయించాను. ఈ పాఠమంతా ఆ రెండవ పోస్టరు నుంచి వచ్చినదే.

పోస్టరు అంటే ఏమిటి?

శాస్త్ర సదస్సులలో ప్రసంగించాలనుకునే వారు ఎక్కువై, సమయం చాలనప్పుడు పుట్టిన ఉపాయం ఇది. 1969లో మాడ్రిడ్‌లో జరిగిన ఐరోపా జీవరసాయన శాస్త్ర సంఘాల సమావేశంలోను, 1974లో అమెరికాలోని మినియాపొలిస్‌లో జరిగిన జీవరసాయన శాస్త్రవేత్తల సమావేశంలోను పోస్టరు ప్రదర్శనలు జరిగాయి. క్రమంగా ఈ పద్ధతి అన్ని శాస్త్రాలకు వ్యాపించింది. పరిశోధకుడు తన పనిని ఒక పెద్ద కాగితం మీద చూపి, పక్కన నిలబడతాడు. వచ్చినవారు చూస్తారు, అడుగుతారు, మాట్లాడుకుంటారు.

కనుక పోస్టరు అంటే గోడకు తగిలించిన వ్యాసం కాదు, సంభాషణకు ఆరంభం. మన తంత్రయుక్తులలో "ఉద్దేశం", "నిర్దేశం" అని రెండున్నాయి. సంక్షేపంగా చెప్పడం ఉద్దేశం, విస్తరించి చెప్పడం నిర్దేశం. పోస్టరు మీద ఉండవలసింది ఉద్దేశం. నిర్దేశం మీ నోటి నుంచి రావాలి. మా మొదటి పోస్టరులో నిర్దేశమంతా గోడకెక్కింది, చెప్పవలసిన మనిషి భోజనానికి వెళ్లాడు.

మొదటి మెట్టు: చెప్పదలచినది ఒక్క వాక్యంలో

కంప్యూటరు తెరవకముందే ఒక తెల్లకాగితం మీద మీ పోస్టరు సారాన్ని ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే విషయం మీకు ఇంకా స్పష్టం కాలేదన్నమాట.

మేము ఆధారంగా తీసుకున్న పరిశోధన బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆయుర్వేద అండ్ ఇంటిగ్రేటివ్ మెడిసిన్ శాస్త్రవేత్తలు ఇతరులతో కలిసి చేసి 2012లో జర్నల్ ఆఫ్ హెల్త్, పాపులేషన్ అండ్ న్యూట్రిషన్‌లో ప్రకటించినది. తాగునీటిలో కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాలు మొదలైనవి కలిగించే బాక్టీరియాను మిల్లీలీటరుకు 500 చొప్పున కావాలనే కలిపారు. ఆ నీటిని గది ఉష్ణోగ్రతలో రాగిపాత్రలలో 16 గంటలు ఉంచి పరీక్షించారు. ఆ బాక్టీరియా తిరిగి మొలకెత్తలేదు. నీటిలోకి దిగిన రాగి లీటరుకు 177 మైక్రోగ్రాములు.

రెండవసారి విద్యార్థులు చాలా చర్చించి రాసిన వాక్యం ఇది: "రాగిపాత్రలో 16 గంటలు ఉంచిన నీటిలో, పరీక్షించిన విరేచనకారక బాక్టీరియా నశించాయి." ఇందులో "16 గంటలు", "పరీక్షించిన" అనే రెండు మాటలే ప్రాణం. అవి తీసివేస్తే మళ్లీ సర్వరోగ నివారిణి దగ్గరకే చేరుతాము.

రెండవ మెట్టు: శీర్షిక

ప్రదర్శనకు వచ్చిన వారిలో ఎక్కువమంది శీర్షిక మాత్రమే చదివి ముందుకు సాగుతారు. కనుక శీర్షిక ఒక్కటే చదివినవాడు కూడా తప్పు అభిప్రాయంతో వెళ్లకూడదు. దీనిని నేను శీర్షికకు గీటురాయిగా పెట్టుకున్నాను.

"రాగిపాత్ర ప్రభావంపై ఒక అధ్యయనం" అనేది నీరసమైన శీర్షిక, ఏమీ చెప్పదు. "సర్వరోగ నివారిణి" అనేది అబద్ధపు శీర్షిక. పైన రాసుకున్న ఒక్క వాక్యాన్నే శీర్షికగా పెట్టడం ఉత్తమం. 2019లో మైక్ మోరిసన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి, ముఖ్య ఫలితాన్ని పోస్టరు నడిమధ్యన సామాన్య భాషలో పెద్ద అక్షరాలతో రాయాలనీ, వివరాలను పక్కలకు జరపాలనీ ప్రతిపాదించాడు. ఆ పద్ధతిని చాలామంది అనుసరించారు. సామాన్య ప్రజలు వచ్చే ప్రదర్శనలకు అది మరీ అనుకూలం.

మూడవ మెట్టు: అమరిక

చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో ఒక విషయాన్ని స్థాపించే క్రమం చెప్పబడింది: ప్రతిజ్ఞ, హేతువు, దృష్టాంతం, ఉపనయం, నిగమనం. దీనిని నేటి పోస్టరుకు అన్వయించుకోవచ్చునని నా విద్యార్థులకు చెబుతూ ఉంటాను.

1. ప్రతిజ్ఞ: మనం కనుగొన్నది, లేక చూపదలచినది. ఇది శీర్షిక.

2. హేతువు: ఎందువల్ల అలా అంటున్నాము? ఏమి చేశారు, ఎంతకాలం, ఎన్నిసార్లు, దేనితో పోల్చారు? ఇది ఎడమవైపు నిలువు వరుస.

3. దృష్టాంతం: పండితునికి, పామరునికి సమానంగా బోధపడేది దృష్టాంతమని శాస్త్రం. ఇది నడుమ ఉండే బొమ్మ లేక పటం. పోస్టరులోని పటానికి ఇంతకు మించిన లక్షణం నేను ఎక్కడా చదవలేదు.

4. ఉపనయం: ఆ ఫలితం మన ప్రశ్నకు ఎలా వర్తిస్తుంది, ఎంతవరకు వర్తిస్తుంది? ఇది కుడివైపు వరుస.

5. నిగమనం: ముగింపు, రెండు మూడు వాక్యాలలో.

మొత్తం మాటలు 300 నుంచి 400 మించకుండా చూడండి. కాగితంలో మూడవ వంతైనా ఖాళీగా వదలండి. విస్తరిలో పదార్థాల మధ్య చోటు లేకపోతే పులుసు పాయసంలో కలిసినట్లు, ఖాళీ లేని పోస్టరులో ఏదీ విడిగా కంటికి ఆనదు. పరిమాణం విషయంలో నిర్వాహకుల నియమాలు ముందే చదవాలి. సాధారణంగా అడిగే ఏ0 కాగితం కొలత 841 × 1189 మిల్లీమీటర్లు. దానిని నిలువుగా పెట్టాలో అడ్డంగా పెట్టాలో కూడా తెలుసుకోండి. అడ్డంగా చేసిన పోస్టరు నిలువు పలకకు పట్టక మడత పెట్టుకున్నవారిని చూశాను.

నాల్గవ మెట్టు: పటాలు, అంకెలు

తొమ్మిది బొమ్మలకంటె ఒక్క మంచి పటం మేలు. మా రెండవ పోస్టరులో రెండే పెట్టాము. మొదటిది రాగిబిందె బొమ్మ, దాని పక్కన గడియారం: సాయంత్రం 4 గంటలకు పోసిన నీరు, ఉదయం 8 గంటలకు పరీక్ష. పదహారు గంటలంటే ఎంతో చదువురాని వారికీ తెలుస్తుంది. రెండవది కడ్డీల పటం. నీటిలోకి దిగిన రాగి 177 మైక్రోగ్రాములకు చిన్న కడ్డీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి అయిన 2000 మైక్రోగ్రాములకు పెద్ద కడ్డీ. పదోవంతు కూడా లేదని చూడగానే అర్థమవుతుంది.

కడ్డీల పటంలో అంకెలు సున్న నుంచి మొదలు కావాలి. మధ్యలో నుంచి మొదలుపెడితే చిన్న తేడా కొండంతగా కనిపిస్తుంది. ప్రతి పటం కింద అది ఏమి చెబుతున్నదో ఒక వాక్యం రాయాలి. కొలమానం తప్పనిసరి. అది మిల్లీగ్రాములో మైక్రోగ్రాములో రాయకపోతే వెయ్యి రెట్ల పొరపాటు జరుగుతుంది.

ఐదవ మెట్టు: అక్షరాలు, రంగులు, ముద్రణ

శీర్షిక పదిహేను అడుగుల దూరం నుంచి, లోపలి విషయం ఐదడుగుల నుంచి చదవగలిగేట్లు ఉండాలి. ఇంగ్లీషు పోస్టరులో శీర్షికకు 85 పాయింట్లకు పైన, విషయానికి 24కు పైన వాడతారు. తెలుగుకు ఇంకొంచెం పెంచాలి. మన లిపిలో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. పంక్తుల మధ్య చోటు తక్కువైతే పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. ఒకటిన్నర రెట్ల ఎడం ఇవ్వండి.

ఇంట్లో చేయదగిన ఒక సులభ పరీక్ష ఉంది. ఏ0 పోస్టరును ఏ4 కాగితం మీదకు కుదించి ముద్రించండి. పొడవు వెడల్పులు నాలుగో వంతు అవుతాయి. దానిని కంటికి 15 అంగుళాల దూరంలో పట్టుకొని చదవండి. అది అసలు పోస్టరును ఐదడుగుల నుంచి చదవడంతో సమానం. ఇంట్లో తాతగారికో అమ్మమ్మగారికో ఇచ్చి చదివించడం మరీ మంచిది.

రంగులు మూడు చాలు. లేత నేపథ్యం మీద ముదురు అక్షరాలు కంటికి హాయి. ఎరుపు, ఆకుపచ్చల తేడాతోనే అర్థం చెప్పవద్దు. ఆ రెండు రంగుల భేదం గుర్తించలేని వారు ఉంటారు, ముఖ్యంగా పురుషులలో.

ఫ్లెక్సు దుకాణానికి ఇచ్చేటప్పుడు జాగ్రత్త. ఇంట్లో యూనికోడ్‌లో కూర్చిన తెలుగు అక్కడి కంప్యూటరులో ఒత్తులు విడిపోయి వికృతంగా మారవచ్చు. అక్షరరూపాలు లోపల పొదిగిన పి.డి.ఎఫ్. ప్రతిని ఇచ్చి, ముద్రణకు ముందు తెర మీద ప్రతి పంక్తీ చదవండి. ఫోనులో వచ్చిన చిన్న చిత్రాలు పెద్దవి చేస్తే మసకబారుతాయి, వాటిని వాడకండి.

ఆరవ మెట్టు: "ఇది చెప్పనివి"

ఈ భాగం లేని పోస్టరు, పథ్యం చెప్పని వైద్యం వంటిది. మా రెండవ పోస్టరులో కుడివైపు పెట్టెకట్టి, విషయం ఉన్నంత పెద్ద అక్షరాలతోనే ఈ నాలుగు మాటలు రాయించాను.

• ఈ పరిశోధన కొన్ని బాక్టీరియాకు సంబంధించినది. ఫ్లోరైడు, పురుగుమందుల వంటి రసాయనాలను రాగిపాత్ర తొలగిస్తుందని ఇందులో లేదు.

• ఇది పాత్రలోని నీటిపై చేసిన పరీక్ష. ఈ నీరు తాగితే మధుమేహం, స్థూలకాయం వంటివి తగ్గుతాయని ఇందులో లేదు.

• నిమ్మరసం, మజ్జిగ, చింతపండు పులుసు వంటి పుల్లని పదార్థాలను రాగిపాత్రలో ఉంచరాదు. రాగి ఎక్కువగా కరిగి వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. పూర్వం వంటపాత్రలకు కళాయి పూయించినది ఇందుకే.

• శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి ఉన్నవారు రాగిపాత్ర నీరు వాడరాదు.

పరిమితులు చెబితే మన శాస్త్రం చిన్నబోతుందని కొందరు విద్యార్థులు సంకోచిస్తారు. నేను దానికి ఒప్పుకోను. ఎంతవరకు నిజమో అంతవరకే చెప్పిన వైద్యుని మాటనే రోగి రెండవసారి నమ్ముతాడు.

పోస్టరు పక్కన నిలబడి

తయారీ సగం పని, ప్రదర్శన మిగతా సగం. పోస్టరుకు అడ్డంగా కాక పక్కగా నిలబడండి. రాసి ఉన్నదానిని చదివి వినిపించకండి. వచ్చినవారిని ఒక చిన్న ప్రశ్నతో పలకరించండి. మా విద్యార్థిని ఇలా మొదలుపెట్టేది:

"నమస్కారమండీ. మీ ఇంట్లో రాగిచెంబు ఉందా? రాత్రి పోసిన నీళ్లు పొద్దున తాగుతారా? అందులో క్రిములు నిజంగా చస్తాయా అని బెంగళూరు శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఏమి తేలిందో ఈ బొమ్మలో చూడండి."

ఆ తరువాత పటం, చివరకు పరిమితుల పెట్టె. అంతా కలిపి రెండు నిమిషాలు. పెద్దవారికి, తోటి విద్యార్థులకు, పరీక్షకులకు వేరువేరుగా చెప్పడం అభ్యాసం చేయాలి. అద్దం ముందు కంటె ఇంట్లోవారి ముందు చెప్పి చూసుకోవడం మేలు. పూర్తి వ్యాసం చదవదలచిన వారికోసం ఒక మూల క్యు.ఆర్. కోడ్ ముద్రించవచ్చు. ఫోను వాడని వారికి ఒక పుట కరపత్రం దగ్గర ఉంచండి.

ఇక ప్రశ్నలు. చరకుడు సంభాషలను రెండు విధాలుగా చెప్పాడు: స్నేహభావంతో జరిగే సంధాయ సంభాష, గెలుపుకోసం జరిగే విగృహ్య సంభాష. పోస్టరు దగ్గర జరగవలసినది మొదటిది. అడిగినవాడు శత్రువు కాడు, మన పనికి తప్పులు దిద్దే సహాయకుడు.

మా రెండవ పోస్టరు దగ్గరకు నీటి సరఫరా శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన వచ్చారు. కడ్డీల పటం శ్రద్ధగా చూసి, "అమ్మాయీ, ప్రపంచ సంస్థ పరిమితి పెట్టావు, బాగుంది. మన దేశపు ప్రమాణం చూశావా?" అని అడిగారు.

ఆ అమ్మాయి క్షణం తడబడి, "చూడలేదండీ. మీరు చెబితే రాసుకుంటాను" అన్నది.

ఆయన చెప్పారు. భారత తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500, 2012 ప్రతి ప్రకారం రాగికి ఆమోదయోగ్యమైన పరిమితి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, అంటే 50 మైక్రోగ్రాములు. వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే పరిమితి 1.5 మిల్లీగ్రాములు, అంటే 1500. కనుక మా 177 మొదటిదానికి మూడు రెట్లకు పైన, రెండవదానికి చాలా కింద ఉంది. ఆ తక్కువ పరిమితికి నీటి రుచి మారడం, రంగు పట్టడం, గొట్టాలు, పాత్రలు తినివేయబడటం వంటివి కారణాలుగా 1991 నాటి ప్రతిలో పేర్కొన్నారని కూడా ఆయనే చెప్పారు.

మాకు అనుకూలమైన పరిమితి ఒక్కటే చూపామని అప్పుడు గ్రహించాను. కావాలని చేసినది కాదు, కాని చూసేవారికి ఫలితం ఒక్కటే. నేను ఏమి చేయాలా అని ఆలోచిస్తుండగానే ఆ అమ్మాయి ఆయన మాట సరిచూసుకొని, ఒక తెల్లకాగితం ముక్క మీద ఆ రెండు అంకెలు చేతితో రాసి, కడ్డీల పటం పక్కన జిగురుతో అంటించింది. అందంగా ముద్రించిన పోస్టరు మీద ఆ చేతిరాత చీటీ కొంచెం వంకరగా ఉంది. సాయంత్రం వరకు వచ్చినవారంతా మొదట దానినే చదివారు.

గుర్తుంచుకోవలసినవి

1. ఒక పోస్టరు, ఒక్క విషయం.
2. శీర్షిక మాత్రమే చదివినవాడు కూడా మోసపోకూడదు.
3. 400 మాటలకు మించవద్దు, ఖాళీ వదలడానికి సంకోచించవద్దు.
4. పటం పండితునికి, పామరునికి సమానంగా బోధపడాలి.
5. కొలమానాలు, సంవత్సరం, ఎవరి పరిశోధనో స్పష్టంగా ఉండాలి.
6. "ఇది చెప్పనివి" అనే పెట్టె తప్పక ఉండాలి, అదే పరిమాణపు అక్షరాలతో.
7. మనకు అనుకూలం కాని అంకెను కూడా చూపాలి.
8. తెలియనిది అడిగితే "తెలియదండీ, తెలుసుకుంటాను" అనాలి.

పెద్దలకు ఒక్క మాట. చేతిఫోనులో రోజూ వచ్చే "చిట్కా" చిత్రాలు కూడా పోస్టర్లే. పైన చెప్పిన ఎనిమిది సూత్రాలతో వాటిని ఒకసారి పరీక్షించండి. ఎవరు పరీక్షించారు, ఎంత మోతాదు, ఎంతకాలం, ఎవరు వాడకూడదు అన్న నాలుగింటిలో ఒక్కటీ లేకపోతే, దానిని ఇంకొకరికి పంపకుండా అక్కడే ఆపండి. ఇక రాగిచెంబును అటకెక్కించవలసిన పని లేదు. కాచి చల్లార్చిన లేదా శుద్ధి చేసిన నీటిని అందులో పోసుకొని, చెంబును లోపలా బయటా శుభ్రంగా తోముకుంటూ వాడుకోండి. పుల్లనివి మాత్రం అందులో పోయకండి. మీ పిల్లలు ఈసారి పోస్టరు తయారు చేస్తే, ముద్రణకు ఇచ్చేముందు దాని ముందు మీరు నిలబడి, ఆ నల్లగొండ ఇల్లాలు నన్ను అడిగినట్లే "మరి ఇందులో రాయనిదేమిటి?" అని అడగండి.